మన రాజకీయోపన్యాసములు

ఉపన్యాసము వినుటకు జనులు బండ్లు కట్టుకొని పోయిన కాలమొకటి యుండెను. ఇప్పుడు జనులను బండ్లకెక్కించి తీసికొనిపోవు కాలము వచ్చినది. ఈ రెంటికిని నడుమ మన రాజకీయవేదికమీద ఏమి జరిగినదో విచారించుటయే మా యుద్దేశము. వక్తృత్వము క్షీణించినదని విలపించువారితో మేము చేరము. నేటి వక్తలకు కంఠము లేకపోలేదు, పదములు కొఱవడలేదు, పూర్వులు కలనైన నెఱుగని ధ్వనివర్ధకములును, ఫర్లాంగు దూరమునకు ముఖము చూపు తెరలును వారికున్నవి. మా యారోపణ వేఱు. నేటి యుపన్యాసము వినువాని చేతికేమియు చిక్కకుండునట్లు బుద్ధిపూర్వకముగా నిర్మింపబడుచున్నది. దానిని నేర్పులేమి యనుటకు వీలులేదు, అదియొక నేర్పే.

వరంగల్లునుండి తొర్రూరు మీదుగా ఖమ్మము పోవు త్రోవలో దంతాలపల్లి యున్నది. 2016లో జిల్లాలను విభజించినప్పుడు నర్సింహులపేట మండలమునుండి విడివడి, తానొక మండలకేంద్రమై, మహబూబాబాదు జిల్లాలో చేరినది. వరియు ప్రత్తియు మిరపయు పండు సీమ, చుట్టును తండాలు. ఎన్నికల దినములలో నిచ్చట జరిగిన యొక సభకు మేమును పోయితిమి. పక్షము పేరు చెప్పము. చెప్పినచో మిగిలిన పక్షములవారు సంతోషింతురు. ఆ సంతోషమునకు వారిలో నెవరికిని అర్హత లేదు.

సభ నాలుగు గంటలకని చెప్పిరి. ట్రాక్టర్లును ఆటోలును మూడు గంటలకే వచ్చి చేరినవి. స్త్రీలు ఎండలో కూర్చుండిరి. వారికి కండువాలును, నీళ్ళ పొట్లములును, అన్నపు పొట్లములును పంచిపెట్టిరి. పాటలవారు రెండు గంటలు పాడిరి. నాయకుడు ఏడు గంటలకు వచ్చి, ఇరువది నిమిషములు మాట్లాడి, పోయెను. మొదటి వాక్యములోనే దంతాలపల్లి యనుటకు మాఱుగా, మధ్యాహ్నము తాను చూచివచ్చిన మఱియొక మండలము పేరు చెప్పెను. ప్రక్కవాడు చెవిలో నూదగా దిద్దుకొనెను. ఎవరును నవ్వలేదు. మర్యాదచేత నవ్వకుండిరని మేము మొదట తలచితిమి. తరువాత చూడగా, ఎవరును వినుచుండలేదు. ఎదుటి పక్షమువానిని తిట్టిన చోటులందు మాత్రము ఈలలు వినబడెను.

మఱునాటి యుదయమున, ఆ సభకు పోయివచ్చిన యొక వృద్ధురాలిని పలుకరించితిమి.

"నిన్న మీటింగుకు పోయినవా అవ్వా?"

"పోయిన బిడ్డా. ఇంటికొకలు రావాలె అన్నరు."

"ఏం జెప్పిండు?"

"మంచిగ జెప్పిండు."

"మంచిగ అంటే? ఏమేం జెప్పిండు?"

ఆమె కొంతసేపాలోచించి, "అవతలోన్ని బాగ తిట్టిండు" అనెను. మఱి కొంతసేపటికి, "నాకు పింఛను ఆగి మూడు నెలలాయె. దాని ముచ్చట అన్నడో అనలేదో, ఆ బాక్సుల సప్పుడుల నాకు ఇనరాలే" అనెను.

పింఛను గుఱించి నాయకుడేమియు ననలేదు. మేము విన్నాము గనుక చెప్పగలము. అనియున్నచో ఆమెకు వినబడియే యుండును. ఎంత రొదలోనైనను తన పేరు పిలిచిన నెవరికి వినబడదు?

ఈ ముసలమ్మ మాటనే మేము ఉపన్యాసమునకు పరీక్షగా గ్రహించుచున్నాము. ఎన్ని చప్పట్లు పడినవి, ఎంత జనము వచ్చినది, మఱునాటి పత్రికలో నెన్ని వరుసలు పడినవి – ఇవి వక్తకు కావలసిన లెక్కలు. వినువానికి కావలసిన లెక్క యొక్కటే. మఱునాడు రచ్చబండ మీద "నిన్న వాడేమనెను?" అని యడిగినప్పుడు, రాని వానికి వచ్చినవాడు చెప్పగలిగినది యేమి? చెప్పగలిగినది యున్నచో, ఏడాది గడచిన తరువాత "నీవు ఇట్లంటివి గదా" యని వక్తను నిలువదీయుటకు వీలుండును. అది లేనిచో ఉపన్యాసమును మేళమును ఒక్కటియే. పైగా మేళము వినుటకింపుగా నుండును.

ఈ మాటకు మా మిత్రులలో చదువుకొన్నవారు కొందఱు నవ్విరి. చదువురాని వృద్ధురాలు జ్ఞాపకముంచుకొనలేని దోషము ఉపన్యాసకునిదా యని వారి ప్రశ్న. ఔను, ఉపన్యాసకునిదే. ఈ సీమలో 1940 ప్రాంతమున అక్షరము వచ్చినవారు నేటికన్న నెంతయో తక్కువ. ఐనను ఆనాడు సభలకు పోయివచ్చినవారు విన్నదానిని ఇండ్లకు మోసికొనిపోయిరి; పొలములకు మోసికొనిపోయిరి; తుదకు దొర గడీ ముందఱికి మోసికొనిపోయిరి. అట్టి యుపన్యాసము ఎట్లు తయారయ్యెనో కొంచెము నిదానముగా చూడవలసియున్నది.

తెలంగాణమున తెనుగు సభోపన్యాసము ఒక యవమానమునుండి బలము పొందినది. 1921 నవంబరులో హైదరాబాదున వివేకవర్ధినీ రంగశాలలో సంఘసంస్కరణ మహాసభ జరిగెను. అధ్యక్షుడు, స్త్రీవిద్యకై జీవితము ధారపోసిన మహారాష్ట్ర సంస్కర్త ధోండో కేశవ కర్వే. ఇంగ్లీషునను ఉర్దూనను మరాఠీనను ఉపన్యాసములు సాగినవి. న్యాయవాది ఆలంపల్లి వెంకటరామారావు లేచి యొక తీర్మానముపై తెనుగున మాట్లాడ నారంభింపగానే, సభాసదులలో కొందఱు అల్లరిచేసి యెగతాళి పట్టించిరి. సంస్కర్తల సభ యది! హేళన చేసినవారును స్త్రీవిద్యను, సంఘసంస్కారమును కోరి వచ్చినవారే. సంస్కరణాభిలాషి యగుట వలన నితరుల భాషయెడల మర్యాద తనంతట రాదనుటకు ఇంతకన్న దృష్టాంతము వలదు. ఈ మాటకు మరల వత్తుము. ఆ యవమానము సహింపలేక తెలుగువారు కొందఱు ఆ రాత్రియే కూడి ఆంధ్ర జనసంఘమునకు పునాది వైచిరి. మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు మొదలగువారు దానిని పెంచిరి. అదియే 1930లో మెదకు సీమలోని జోగిపేటలో, గోలకొండ పత్రికా సంపాదకుడు సురవరము ప్రతాపరెడ్డి అధ్యక్షతను, ఆంధ్ర మహాసభగా రూపొందినది.

ఆ దినములలో నిజాము రాజ్యమున సభ చేయవలయునన్నచో ముందుగా ప్రభుత్వానుమతి పొందవలసియుండెను. 53వ నంబరు గస్తీ యన్నచో కార్యకర్తల గుండెలు కుతకుతలాడెడివి. రాజకీయము మాట్లాడరాదు. ఇక మిగిలినవి గ్రంథాలయములు, పాఠశాలలు, బాల్యవివాహములు, వెట్టిచాకిరి. రాజకీయము లేదనిపించుకొని రాజకీయమంతయు నిందులోనే చెప్పవలయును. ప్రభుత్వము చెవియొగ్గి యున్నదని యెఱిగి మాట్లాడువాడు ప్రతి పదమును తూచి పలుకును. ఏ పదమునకు తాను జవాబు చెప్పుకొనవలయునో వానికి తెలియును. వెట్టిని గుఱించి జనసంఘమువారు చిన్న పొత్తములు ప్రకటించిరి. ఫలానిపని కూలి లేక చేయించుకొనుటకు ఫలాని యధికారికి హక్కు లేదని ప్రభుత్వముయొక్క యుత్తరువులనే యెత్తిచూపిరి. ఇందలి నేర్పును గమనింపుడు. వక్త "మీరు బానిసలు కారు" అని గర్జించినచో వినువాడు పులకించి యింటికి పోవును. తెల్లవాఱగనే పట్వారి మనిషి వచ్చి పిలిచినప్పుడు ఆ పులకింత యేమియు చేయజాలదు. "ఈ పనికి కూలి యియ్యవలయునని సర్కారు హుకుము కలదు" అని చెప్పినచో, వానికి నోట పలుకుటకొక వాక్యము దొరకును. మా దృష్టిలో ఉపన్యాసకళ యంతయు ఆ వాక్యమును తయారుచేయుటయే.

1940 తరువాత మహాసభ పట్టణములు దాటి పల్లెలలో చొచ్చినది. పల్లెజనులు దానిని "సంగము" అనిరి. వెట్టి, ధాన్యపు అప్పులపై నాగు, యుద్ధకాలమున ప్రభుత్వము విధించిన లెవీ, బేదఖలు – ఇవియే ఉపన్యాసవిషయములు. ఒక్కొక్కటి యొక్కొక్క యింటి బాధ. దంతాలపల్లికి పెద్దదూరము కాని కడవెండిలో 1946 జూలై 4వ తేదీన, సంగమువారి యూరేగింపుపై విసునూరు దేశముఖు మనుష్యులు తుపాకులు కాల్చగా దొడ్డి కొమరయ్య మరణించెను. పాలకుర్తిలో చిట్యాల ఐలమ్మ తన కౌలుపొలము పంటను దేశముఖు మనుష్యులకు దక్కనీయలేదు. కొమరయ్య గొఱ్ఱెలకాపరి, ఐలమ్మ చాకలి యింటి యాడుబిడ్డ. వీరిద్దఱును పెద్ద వక్తలని యెవరును చెప్పలేదు. కాని సంగము మాట వారియంతటివారికి చేరినది; చేరి, చేతిలో నాయుధమైనది. ఆనాటి యుపన్యాసకుల భాషలో వ్యాకరణదోషములు వెదకువారు వెదకికొందురు గాక.

ఉపన్యాసము వినువాని నోట నెట్లు నిలుచునో తెలియుటకు నిజాము రాజ్యపు సరిహద్దు దాటి గోదావరీతీరమునకు పోవలయును. 1907 ఏప్రిలులో బిపిన చంద్రపాలుడు రాజమహేంద్రవరమునకు వచ్చి యింగ్లీషున గంభీరముగా నుపన్యసించెను. తెనుగు చేసినవాడు చిలకమర్తి లక్ష్మీనరసింహము. ఆ సందర్భమున ఆయన చెప్పిన పద్యమొకటి కలదు. దేశమును పాడియావుగను, ప్రజలను పాలకేడ్చు లేగదూడలుగను చూపించినది. నూఱేండ్లు దాటినవి. పాలుని యింగ్లీషు వాక్యములలో నొక్కటియైనను నేడు తెలుగిండ్లలో పలుకువారు లేరు. చిలకమర్తివారి యా నాలుగు పాదములు బడిపిల్లవానికిని వచ్చును. పద్యము గనుక నిలిచినదందురు. ప్రాసయు యతియు గల పద్యములు ఎన్ని మట్టిలో గలియలేదు? పాడియావును పిదుకువాడు ఎవడు, దూడ యెవరు అనునది ఆనాడు వినినవాడు తన దొడ్డిలో చూచికొనగలిగెను. అందుచేత నిలిచినది.

దంతాలపల్లికి ప్రక్కనేయున్న చిన్నగూడూరులో 1925లో పుట్టిన దాశరథి కృష్ణమాచార్యుడు నిజామాబాదు చెఱసాలలో గోడలమీద బొగ్గుతో పద్యములు వ్రాసెను. వినువారు లేని చోట, వేదిక లేని చోట, కాగితమైనను లేని చోట. నేటి వక్తకు ఈ మూడును సమృద్ధిగా నున్నవి.

ఇక వ్రాతను గుఱించి. ఉపన్యాసమును వ్రాసికొని చదువుట నింద్యమని మేమనము. ఆంధ్ర మహాసభల యధ్యక్షోపన్యాసములు వ్రాసినవే. 1863లో గెటిస్‌బర్గు శ్మశానభూమిలో అబ్రహాము లింకను పలికినది ఇంచుమించు 270 మాటలు. అతనికి ముందు ఎడ్వర్డు ఎవరెట్టు అను ప్రసిద్ధవక్త రెండు గంటలు మాట్లాడెను. లింకను రైలుబండిలో కాగితపుముక్కమీద గిలికినాడను కథ తరువాతివారు కల్పించినది. అతడు ముందుగనే వ్రాసికొని, దిద్దుకొని పోయెను. తక్కువ మాటలకు ఎక్కువ వ్రాత కావలయును. 1936లో లాహోరునందలి జాత్-పాత్ తోడక్ మండలమువారు అంబేడ్కరును తమ వార్షికసభకు అధ్యక్షునిగా పిలిచి, ఆయన వ్రాసిన యుపన్యాసమును ముందుగా చూచి, కొన్ని భాగములు తొలగింపుమని కోరిరి. ఆయన నిరాకరించెను. సభ నిలిచిపోయినది. ఆయన సొంత ధనముతో 1,500 ప్రతులు అచ్చు వేయించెను. చేయని యుపన్యాసమది, చేసిన వేలకొలది యుపన్యాసములకన్న నెక్కువ మంది దానిని చదివిరి, చదువుచున్నారు.

ఇప్పుడు మా ప్రశ్న. నేటి నాయకుడు తన యుపన్యాసములో నే యొక్క వాక్యమునకైనను సభ నిలిచిపోయిన పోనీ యనగలడా? అనజాలడు. ఏలయన ఆ వాక్యము అతనిది కాదు. ఒకరు వ్రాయుదురు, ఒకరు ఏ కులమువారున్నారు, ఏ వయస్సువారున్నారు అని లెక్కవేసి మార్తురు, ఒకరు చిన్న చలనచిత్రముగా కత్తిరించుటకు అనుకూలమైన ముప్పది క్షణముల ముక్కను అందు చొప్పింతురు. ఈ నడుమ యంత్రములే వ్రాసిపెట్టుచున్నవట. వానికి కూలి తక్కువ. కూలికి వ్రాయుట పాపమని మేమనము. కవులు రాజులకు వ్రాయలేదా? కాని వ్రాసినవానికి పూచీ లేదు, చదివినవానికి ఆ మాట తనదను మమత లేదు, వినువానికి పట్టుకొనుటకు పిడి లేదు. ఇట్టి త్రిశంకుస్థితిలో నున్న వాక్యము గాలిలో నుండక యెక్కడ నుండును?

ప్రాస యిందులకు సాయపడుచున్నది. ప్రాస తెలుగువానికి పుట్టుకతో వచ్చిన బలహీనత, మాకును కలదు. కాని రెండు పదములు చివర నొకటిగా మ్రోగినంత మాత్రమున వానికి కార్యకారణసంబంధ మున్నదని వినువాడు భ్రమపడును. "సంక్షేమము" తరువాత "క్షామము" రాగానే చప్పట్లు. ఏ సంక్షేమము, ఎవరికి, ఎంత, ఎన్నటికి? ప్రాస యొడ్డున నిలిచి ప్రశ్న మునిగిపోవును.

దీనికి ప్రతిగా నొక దృష్టాంతము చెప్పక తప్పదు, అది నాటకరంగమునుండి, చలనచిత్రమునుండి వచ్చిన వక్తృత్వమైనను. 1982లో నందమూరి తారకరామారావు పార్టీ స్థాపించి చైతన్యరథముపై ఊరూర తిరిగినప్పుడు ఆయన మాటలలో సినిమా సంభాషణల గర్జన మెండుగా నుండెను. విద్యావంతులు ముక్కు విఱిచిరి. కాని ఆ గర్జనలో నొక యంకె యుండెను: కిలో బియ్యము రెండు రూపాయలు. ఆ యంకెను చదువురాని యిల్లాలు ఇంటికి తీసికొనిపోయినది. 1983లో అధికారమునకు వచ్చిన తరువాత దానిని తప్పించుకొనుటకు వీలులేకపోయినది. దుకాణమునకు పోయి తూకము చూచి, రూకలు లెక్కించి, మాట నిలిచినదో లేదో ప్రతి యిల్లాలును తేల్చుకొనగలిగెను. ఆ పథకమునందలి గుణదోషములు వేఱు విషయము. ఉపన్యాసముగా అది నిజాయితీ గలది; తన్ను తాను తూచుకొనుటకు తక్కెడ తానే యిచ్చినది. ఇట్లనినంత మాత్రమున వాగ్దానములన్నియు మంచివని కాదు. ఎన్నికల ప్రణాళికలోని వాగ్దానము చట్టరీత్యా అవినీతికార్యము కాదని 2013లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పి, వానికి మార్గదర్శకములు చేయుమని ఎన్నికల సంఘమును ఆదేశించినది. కోర్టు చూడగలిగినది అంతవఱకే. మిగిలినది వినువాడు చూచుకొనవలసినదే.

తిట్టు విషయము. తెలంగాణ భాష వేదిక నెక్కవలయునని మనము ఎన్నియేండ్లు కోరితిమి! పుస్తకభాషలో, పట్టణపు టుచ్చారణలో మాట్లాడినదే ఉపన్యాసమను భ్రమ ప్రత్యేకరాష్ట్రోద్యమ కాలమున బాగుగా వదలినది. కాళోజీ నారాయణరావు పుట్టినదినమైన సెప్టెంబరు 9వ తేదీని తెలంగాణ భాషాదినముగా జరుపుకొనుచున్నాము. భాష వేదిక నెక్కినది. దాని వెంట తిట్టును ఎక్కి, ఇప్పుడు భాషను ప్రక్కకు త్రోసి తానే కుర్చీలో కూర్చున్నది. "మా జనుల భాష యిట్లే యుండును" అని నాయకులు సమర్థించుకొనుచున్నారు. ఇది జనులపై వేసిన నింద. మా యూళ్ళలో తిట్టు కలదు. దానికి వేళ కలదు, సందు కలదు, తిట్టిన తరువాత సాయంకాలము మజ్జిగకు వచ్చు చుట్టఱికము కలదు. కాళోజీ కోపిష్ఠి, ఆయన కోపము ఎవని తల్లిని గాని దూషించినది కాదు. అన్యాయమును పేరుపెట్టి పిలుచుట వేఱు, మనుష్యుని పేరు చెడగొట్టి పిలుచుట వేఱు. రెండవది సుళువు, దానికి విషయపరిజ్ఞాన మక్కఱలేదు.

పేరుపెట్టి పిలుచుటలో నెంత శక్తి యున్నదో భాగ్యరెడ్డివర్మ చూపెను. 1917లో బెజవాడలో "పంచమ" మహాజనసభ యని పిలిచి ఆయనను అధ్యక్షపీఠముమీద కూర్చుండబెట్టిరి. ఆయన లేచి, ఆ పదమునే ప్రశ్నించెను. మేమైదవవారము కాము, ఈ నేలకు ఆదివాసులము అనెను. సభ పేరు ఆది ఆంధ్ర మహాజనసభ యైనది. కోట్లాడుటకు పోయినవాడు కాడు, తిట్టలేదు, ఒక్క పదమును తీసి యొక్క పదమును పెట్టెను. ఆ పదము తరువాతి జనాభా లెక్కలలోనికిని ఎక్కినది.

1921 నాటి హేళనకు మరల వత్తుమంటిమి. దంతాలపల్లి చేరియున్న డోర్నకల్లు నియోజకవర్గము షెడ్యూల్డు తెగలకు కేటాయింపబడినది. తండాలు పెక్కు. 2018 చట్టముతో తండాలనేకము స్వతంత్ర గ్రామపంచాయతీలైనవి. వాని యిండ్లలో పలుకునది లంబాడీ. మేము చూచిన సభలో ముందు వరుసలలో కూర్చున్నవారు తండాల స్త్రీలు. వేదికపైనుండి లంబాడీలో వినబడినది ఒక్క పలుకరింపు మాత్రమే. అదియు తప్పుగా పలికిరి. ఆ స్త్రీలు మర్యాదకు చేతులూపిరి. తరువాతి ఇరువది నిమిషములును తెలుగు, నడుమనడుమ ఇంగ్లీషు. వివేకవర్ధినీ రంగశాలలో తెనుగునకు జరిగిన యవమానమును మనము నేటికిని చెప్పుకొని బాధపడుచున్నాము. అక్కడ హేళన చేసిరి. ఇక్కడ హేళన యైన చేయము, ఆ భాష యున్నదనియే తోచదు. ఏది యెక్కువ యవమానమో మా పాఠకులు నిర్ణయింతురు గాక. లంబాడీ వచ్చిన వక్తలు లేరా? కలరు. వారును వేదిక యెక్కగానే తెలుగులోనికి మాఱుదురు. మనము ఒకనాడు ఇంగ్లీషులోనికి మాఱినట్లు.

ఉపన్యాసమునకు జవాబు చెప్పు స్థల మొకటి చట్టము కల్పించియున్నది. 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజు చట్టము ప్రకారము రెండు నెలలకొక మాఱు గ్రామసభ జరుగవలయును. ధ్వనివర్ధకము వలదు, కండువా వలదు. వినువాడే లేచి మాట్లాడుటకు హక్కు గలవాడు. మేమెఱిగిన కొన్ని యూళ్ళలో ఇది సంతకముల పుస్తకములో మాత్రమే జరుగుచున్నది. జరిగినచోట ఏమి చూచుచున్నాము? స్థానములలో సగము స్త్రీలవి. స్త్రీ సర్పంచు కుర్చీలో కూర్చుండును. భర్త నిలువబడి మాట్లాడును. భర్త లేనిచో మఱిది. "ఆమెకు మాట్లాడరాదు" అందురు. ఎన్నికలలో ఇల్లిల్లు తిరిగి ఓటు అడిగినప్పుడు వచ్చిన మాట గెలిచినపిదప ఎక్కడికి పోయెను? 1930లో జోగిపేటలో ఆంధ్ర మహాసభతోబాటు మహిళాసభయు జరిగినది. నడింపల్లి సుందరమ్మ అధ్యక్షత వహించెను. ఘోషాయు బాల్యవివాహములును బలముగా నున్న దినములలో, నిజాము రాజ్యములో, ఒక స్త్రీ అధ్యక్షపీఠమునుండి తెనుగున మాట్లాడెను. తొంబది యేండ్ల తరువాత సర్పంచు మగడు మైకు పట్టుకొనుచున్నాడు. మన సంస్కరణపత్రికలు చదువు గృహస్థులలో అట్టి మగలు లేరని చెప్పుటకు మాకు ధైర్యము చాలదు.

ఇంటిలో నేర్పు ఉపన్యాసమును గుఱించియు నొకమాట. మా యెఱుకలోని యెనిమిదవ తరగతి బాలిక యొకతె ఆగస్టు 15వ తేదీకి ఉపన్యాసము వ్రాసి యిమ్మని మమ్మడిగెను. ఫోనులో దొరకినదానిని బట్టీపట్టుట అప్పటికే సగము పూర్తియైనది. "వేదిక నలంకరించిన పెద్దలకు" మొదలు "బోలో" వఱకు. మేము వ్రాసి యియ్యలేదు. "మీ వాడలో నీకు తెలిసిన కష్టమొకటి చెప్పు" మంటిమి. నల్లా సరిగా రాదనెను. "ఎన్నాళ్ళకొకసారి వచ్చును?" అంటిమి. తెలియదనెను. లెక్కపెట్టి రమ్మంటిమి. ఆమె నెలదినములు గోడమీది క్యాలెండరులో సున్నలు చుట్టి, తొమ్మిది దినములని తేల్చికొని, తల్లి యెన్ని బిందెలు ఎంతదూరమునుండి తెచ్చుచున్నదో చేర్చి, ఒక పుట వ్రాసికొనెను. అంత చక్కని రాజకీయోపన్యాసమును మేమీ మధ్య వినలేదు. అది సర్పంచు ఎదుట చదువవలసినది గనుక, బడిలో నుపాధ్యాయుడు ముందుగా చూచెను. నల్లా వాక్యములను కొట్టివేసి, వానిచోట మహనీయుల త్యాగమును గుఱించి నాలుగు వాక్యములు వ్రాసెను. ఆయన చెడ్డవాడు కాడు; జెండాపండుగనాడు గొడవ యెందుకనుకొనెను. బాలిక దిద్దినదానినే చదివినది. చప్పట్లు పడినవి. బహుమానముగా కలమొకటి యిచ్చిరి.

తరువాత నొకనాడు వారి యింటికి పోయినప్పుడు గోడవంక చూచితిమి. ఆగస్టు పుట వెళ్ళిపోయినది. సెప్టెంబరు పుటలో, ఆ బహుమానపు కలముతోనే కాబోలు, నల్లా వచ్చిన దినములకు సున్నలు చుట్టియున్నవి. ఆనాటికి మూడు.